ఒడ్డెక్కిన వాళ్ళు ఎవరి లెక్క?

2004వ సంవత్సరం. ఏలూరులో ఒక ట్రస్టు ఆఫీసులో నేను స్టాటిస్టీషియన్‌గా పనిచేసేదాన్ని. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల నుంచి కొల్లేటి లంకల దాకా పల్లెల్లో మా ట్రస్టు చిన్న చిన్న ఆరోగ్య కేంద్రాలు నడిపేది. ఒక్కో సెంటర్‌లో ఒక ఏఎన్ఎం, అంటే ఊళ్ళోనే ఉంటూ గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే నర్సు, ఒక ఆయా, మందుల బీరువా, బరువు చూసే మిషను ఉండేవి. వారానికోసారి డాక్టరుగారు జీపులో వచ్చి చూసి వెళ్ళేవారు. ఈ సెంటర్ల నుంచి నెలనెలా వచ్చే అంకెలను కూర్చి అర్థం చెప్పడం నా ఉద్యోగం. ఆఫీసులో సగం మందికి మాత్రం నేను కంప్యూటరు అమ్మాయినే. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచేవాళ్ళు.

నా పేరు షమీమ్. పుట్టిల్లు ఏలూరే, నాన్న టైలరు. అత్తవారిది ఉంగుటూరు దగ్గర పల్లె. మావారికి తాడేపల్లిగూడెంలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఉండేది. ఆయన బస్సు అటు, నా బస్సు ఇటు. ఈ కేసు మొదలయ్యేసరికి నేను కడుపుతో ఉన్నాను. మా అత్తగారి ఊళ్ళో కూడా ట్రస్టు సెంటర్ ఉంది కాబట్టి అక్కడే పేరు రాయించుకున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు సెక్రటరీగారు పిలిచారు. పెద్ద కంపెనీలో చేసి రిటైరైన మనిషి. మంచివారే, కానీ దేన్నైనా ఒక్క కాగితం మీద చూస్తే తప్ప నమ్మరు.

"షమీమ్ గారూ, మనకి నిధులిచ్చేవాళ్ళు ఉత్తరం రాశారండి. అన్ని సెంటర్లూ ఒకేలా పనిచేస్తున్నాయా అని అడుగుతున్నారు. ఎఫిషియెన్సీ లెక్కగట్టి ర్యాంకులు ఇవ్వాలట. అట్టడుగున ఉన్న రెండు సెంటర్లూ ఎత్తేయాలట."

"పద్ధతి ఏదో చెప్పారాండీ?"

"డీఈఏ అని రాశారు. మీకు తెలుసు కదా?"

తెలుసు. చదువుకునే రోజుల్లో నాకు ఇష్టమైన పాఠం అది. డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్ అంటారు. పేరుకి భయపడనక్కర్లేదు. ఒక సెంటర్‌కి మనం ఇచ్చేవి ఇన్‌పుట్లు: నర్సు పని, మందులు, జీపు తిరుగుళ్ళు. అది మనకు తిరిగి ఇచ్చేవి అవుట్‌పుట్లు: చెకప్‌లు, క్షేమంగా జరిగిన కాన్పులు, టీకాలు పూర్తయిన పిల్లలు. దేనికి ఎన్ని మార్కులో పైనుంచి ఎవరూ నిర్ణయించరు. నీ బలం ఏదో దానికే ఎక్కువ విలువ కట్టుకుని నీ తరఫున నువ్వే వాదించుకో అంటుంది ఈ పద్ధతి. అలా వాదించుకున్నాక కూడా, అదే కొలతతో ఇంకో సెంటర్ నీకన్నా ఎక్కువ చేసి చూపిస్తే అప్పుడు నువ్వు వెనకబడ్డట్టు. ముందున్నవాళ్ళకి ఒకటి, మిగతావాళ్ళకి ఒకటిలో ఎంతో కొంత. ఇంత మర్యాదగా మార్కులు వేసే పరీక్ష నేను ఇంకోటి చూడలేదు.

ఒక్కటే చిక్కు. ఇది ఎవరినీ సగటుతో పోల్చదు, అందరికన్నా ముందున్నవాళ్ళతో పోలుస్తుంది. ఆ ముందున్నవాళ్ళ అంకె తప్పయితే మిగతా అందరి మార్కులూ పాడైపోతాయి.

ఉత్తరంతో పాటు నియమాలు కూడా పంపారు. కాన్పు ఎక్కడ జరిగితే ఆ సెంటర్‌కే అవుట్‌పుట్. పేరు రాయించుకున్నాక కాన్పు కబురు లేకపోతే ఆ మనిషి డ్రాపౌట్. ఖాళీగా ఉన్న గడిలో సున్నా వెయ్యాలి. ఆ సున్నా దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఏమైందో తెలియకపోవడం వేరు, ఏమీ జరగకపోవడం వేరు. రెండింటికీ ఒకే గుర్తు పెట్టేవాళ్ళకి లెక్కలెవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

అయినా వాళ్ళ నియమాల ప్రకారమే మొదటిసారి వేసి చూశాను. దెందులూరు వైపు సెంటర్ అన్నిటికన్నా పైన వచ్చింది. అట్టడుగున కొల్లేటి మధ్యలో ఉన్న సెంటర్. దాన్ని మేమంతా లంక సెంటర్ అనేవాళ్ళం. దానికి కాస్త పైన తాడేపల్లిగూడెం పట్నాన్ని ఆనుకుని ఉన్న సెంటర్. అంటే ఎత్తేయాల్సిన రెండూ ఇవన్నమాట.

సెక్రటరీగారు కాగితం చూసి సంతోషించారు. "బ్రహ్మాండంగా ఉందండి. ఒక్క పేజీలో తేలిపోయింది."

"తేలలేదండీ. లంక సెంటర్ చూడండి. చెకప్‌లు అందరికన్నా ఎక్కువ. కాన్పులు అందరికన్నా తక్కువ. అన్నిసార్లు చూపించుకున్నవాళ్ళు కాన్పు దగ్గరికొచ్చేసరికి ఏమైపోయినట్టండీ?"

"నర్సు సరిగా పట్టించుకోలేదేమో."

"పట్టించుకోని నర్సు దగ్గరికి అన్నిసార్లు ఎందుకు వెళ్ళినట్టండీ?"

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. మాట నచ్చనప్పుడు అలా చేస్తారు. "లెక్క వచ్చాక మళ్ళీ అనుమానాలేంటండి? సంతకం పెట్టి ఇచ్చేయండి."

"ఊరు చూడకుండా పెట్టనండీ," అన్నాను. సంతకం పెట్టనని నేను అనడం అది మొదటిసారి.

లంకకి వెళ్తానంటే ఇంట్లో పెద్ద రభస. అప్పటికి నాకు ఏడో నెల, వానలు దంచుతున్నాయి. మా అత్తగారు, "కడుపుతో ఉన్నదానివి దోనె ఎక్కుతావా? ఆ అంకెలు నీకు అన్నం పెడతాయా?" అన్నారు. పెడుతున్నది అవేనని చెప్పి మావారిని తోడు తీసుకుని బయల్దేరాను. ఏలూరు నుంచి బస్సు, రోడ్డు మునిగిన చోటు నుంచి తాటిదోనె. ఎటు చూసినా గుర్రపుడెక్క, మధ్యమధ్య కిక్కిస గడ్డి. మావారు రెండు చేతులతో దోనె అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గెడ వేస్తున్న ఆయన నవ్వి, "అమ్మగారికి లేని భయం మీకెందుకండీ?" అన్నాడు.

లంక సెంటర్ నర్సు పేరు సువార్తమ్మగారు. యాభై దాటిన మనిషి. ఆవిడ తల్లి కూడా మిషను ఆసుపత్రిలో ఆయాగా చేశారట. గడప దగ్గరే నన్ను ఎగాదిగా చూశారు.

"మీరేనాండీ మాకు ఆఖరి ర్యాంకు వేసింది?"

కబురు నాకన్నా ముందే దోనె ఎక్కి వచ్చేసిందన్నమాట.

"ఇంకా సంతకం పెట్టలేదండీ. చూసి పెడదామని వచ్చాను."

"చూడండి మరి. ముందు ఆ బల్లమీద పడుకోండి, బీపీ చూస్తాను. ఏడో నెలలో దోనె ఎక్కి వచ్చిన మనిషికి బుద్ధి ఉందో లేదో తర్వాత చూద్దాం."

ఆవిడ నా బీపీ చూస్తూనే మొదలుపెట్టారు. ఆ రోజు ఆవిడ చెప్పిందంతా తిట్టు కిందే లెక్క. నాకు మాత్రం ఒక్కో మాటకీ నా బల్లమీది కాగితం కళ్ళముందు ఆడింది.

మన వైపు తొలికాన్పు పుట్టింట్లో చేస్తారు, అది అందరికీ తెలిసిందే. పల్లెలో పేరు రాయించుకున్న కోడలు నెలలు నిండేసరికి వేరే ఊళ్ళో ఉంటుంది. కానీ అదే పల్లె ఆడపిల్లలు ఇటు పురిటికి వస్తారు కాబట్టి ఒక ఊరికి పోయింది ఇంకోలా తిరిగి వస్తుంది. లంకలో అలా కాదు. వానాకాలం ఎనిమిదో నెల వచ్చిన ఏ ఆడమనిషినీ అక్కడ ఉంచరు. ఆడపిల్ల అవనివ్వండి, కోడలు అవనివ్వండి, తొలిచూలో మలిచూలో ఏదైనా సరే. దాన్ని వాళ్ళు ఒడ్డెక్కించడం అంటారు. ఒక పెద్దమ్మ ఇంటికో, వరసకి వదిన ఇంటికో, చర్చిలో పరిచయమైన వాళ్ళ ఇంటికో, ఎక్కడ రోడ్డు తడవకుండా ఉంటుందో అక్కడికి పంపేస్తారు. ఎక్కువగా దెందులూరు వైపు. అత్తింటి నుంచి లంకకి పురిటికి వచ్చేవాళ్ళంటూ ఆ నెలల్లో ఉండరు. పోవడమే గానీ రావడం లేదు.

"ఇదంతా ఎవరు మొదలుపెట్టారండీ?" అని అడిగాను.

"ఇంకెవరు? నేనే. నేను వచ్చిన కొత్తలో ఒక పిల్ల పురిటినొప్పులతో దోనెలోనే పోయిందండి. నా చేతుల్లోనే. గాలివాన. ఒడ్డు కనబడుతోంది, చేరలేకపోయాం." నా చేతి నుంచి బీపీ పట్టీ విప్పి మడతపెట్టారు. "ఆ తర్వాత ఎనిమిదో నెల దాటాక నేనెవర్నీ ఇక్కడ ఉండనివ్వలేదు. మొగుళ్ళతో దెబ్బలాడి మరీ పంపేదాన్ని. ఇప్పుడు వాళ్ళే పంపుతున్నారు."

గదిలో ఒక మూల ఒక అమ్మాయి బట్టల మూటతో కూర్చుని ఉంది. ఆ పూట ఒడ్డెక్కే మనిషి. "ఎక్కడికమ్మా?" అంటే, "మా పెద్దమ్మగారి ఊరండీ, దెందులూరు దాటాక," అంది. సువార్తమ్మగారు ఆ అమ్మాయికి ఐరన్ మాత్రలు పొట్లం కట్టి ఇచ్చారు. కాళ్ళు వాస్తే ఏం చెయ్యాలో, నొప్పులు ఎలా మొదలైతే ఆటో పిలవాలో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఒక్క తప్పు చెప్పినా మొదటినుంచీ చెప్పించారు. అమ్మాయి దోనె ఎక్కేదాకా వానలో నిలబడి, "ఏసయ్యా, నీదే భారం," అనుకుంటూ లోపలికొచ్చారు.

"అలా వెళ్ళినవాళ్ళలో ఎంతమంది క్షేమంగా పురుడు పోసుకున్నారో తెలుస్తుందాండీ?"

"కొంతమంది పిల్లని ఎత్తుకుని తిరిగొచ్చి చూపిస్తారు. కొంతమంది ఎండాకాలం దాకా రారు. కొంతమంది అటే కూలిపనుల్లో కుదురుకుంటారు. నన్ను లెక్క అడక్కండి. ఉరమరగా, ఓ అంచనాకి చెప్తాను. వెళ్ళినవాళ్ళలో సగానికి తక్కువ కాదు, ఎంత చెడ్డా. అందరూ అయినా కావొచ్చు. చెడ్డ కబురు మాత్రం ఒక్కటీ రాలేదండి. చెడ్డ కబురైతే ఆగదు కదా, వచ్చేసుండేది."

చూడండి, సగానికి తక్కువ కాదు, అందరూ అయినా కావొచ్చు. మా సెక్రటరీగారి చెవికి అది అజాగ్రత్త మాట. నాకు మాత్రం ఆ ఏడాది నా దగ్గరికొచ్చిన అన్ని అంకెల్లోనూ నిజాయితీగా ఉన్నది అదొక్కటే అనిపించింది. తెలిసిందెంతో, తెలియందెంతో, రెండూ ఉన్నాయి అందులో.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాను. ఈవిడ ఎంత జాగ్రత్తగా ఉంటే ఈవిడ మార్కులు అంత పడిపోతాయి. నిర్లక్ష్యంగా ఉండి, లంకలోనే కాన్పులు కానిచ్చి, ఒకరిద్దరు పోయినా సరే, కాన్పుల గడిలో అంకె పెరిగి ర్యాంకు పైకొచ్చేది. ప్రాణం కాపాడినందుకు సున్నా వేసే లెక్క మనుషులకోసం వేసింది కాదు. తిరుగు దోనెలో మావారితో ఇదే మాట అంటుంటే ఆయన, "నెమ్మదిగా అనవే, దోనె ఊగుతోంది," అన్నారు.

తర్వాతి వారం దెందులూరు వైపు సెంటర్‌కి వెళ్ళాను. అక్కడి నర్సు కూడా మంచి పనిమంతురాలు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"లంక వైపు నుంచి వస్తారండీ, వానాకాలమంతా వస్తూనే ఉంటారు. ఏ ఊరు అని రాసే గడి మనకి లేదు కదండీ. నొప్పులతో వచ్చిన మనిషిని మీది ఏ సెంటరమ్మా అని అడుగుతామా? మా దగ్గర పురుడొచ్చింది, మేం రాశాం. తప్పంటారా?"

"తప్పు కాదండీ. మీరు పోసిన పురుడు మీదే. కానీ ఏడు నెలలు చూసినవాళ్ళది కూడా కొంత ఉంటుంది కదా."

"ఉంటుందండీ, ఎందుకుండదు? వాళ్ళు ఎలా వస్తారనుకున్నారు? రక్తం బాగుంటుంది, సూదిమందులన్నీ పూర్తయి ఉంటాయి. మాకు పని తేలిక." ఎంతమంది అని అడిగితే ఆవిడ కూడా ఉరమరగానే చెప్పింది. రోడ్డు మీద దొరికిన ఆటోలో నడుము పట్టుకుని ఏలూరు తిరిగొచ్చాను.

ఇలాంటి అంకెలకి లెక్కల్లో ఒక దారి ఉంది. దాన్ని ఇంటర్వల్ డేటా అంటారు. ఒకే అంకె బదులు, ఇంతకు తక్కువ ఉండదు, ఇంతకు ఎక్కువ ఉండదు అని రెండు హద్దులు పెట్టుకోవడం. అప్పుడు ఒక్కో సెంటర్‌కీ రెండు మార్కులు వస్తాయి. దానికి అన్నీ కలిసొచ్చి, తక్కినవాటికి అన్నీ ఎదురైతే వచ్చేది పై మార్కు. దానికి అన్నీ ఎదురై, తక్కినవాటికి కలిసొస్తే వచ్చేది కింది మార్కు. నిజం ఆ రెండిటి మధ్యా ఎక్కడో ఉంటుంది. ఎక్కడో చెప్పమంటే చెప్పలేం, కానీ ఆ హద్దులు దాటి లేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

అన్ని సెంటర్లకీ అలా వేశాను. లంక సెంటర్ కింది మార్కు కిందే ఉంది, పై మార్కు దాదాపు ఒకటి. అంటే అది చాలామందికన్నా వెనకా కావొచ్చు, అందరితో సమానంగా ముందూ కావొచ్చు. ఉన్న సమాచారంతో దాన్ని చెడ్డ సెంటర్ అనే హక్కు ఎవరికీ లేదు. దెందులూరు వైపు సెంటర్‌ని మొదటిదని చెప్పే హక్కూ లేదు, దాని హద్దులు కూడా అంతే వెడల్పు. మధ్యలో ఉన్న చాలా సెంటర్ల హద్దులు ఒకదానిలోకి ఒకటి దూరిపోయాయి. ఒక్కటే ఒక్కటి విడిగా నిలబడింది. తాడేపల్లిగూడెం పక్క సెంటర్. దానికి అన్నీ కలిసొచ్చాయనుకున్నా, తక్కినవాళ్ళకి అన్నీ ఎదురయ్యాయనుకున్నా, దాని పై మార్కు మిగతా అందరి కింది మార్కుల కన్నా తక్కువే. పక్కనే పెద్ద ఆసుపత్రి ఉండగా మా సెంటర్‌కి జనం రావడం మానేసి చాలాకాలమైంది.

వినాయక చవితి వెళ్ళాక ట్రస్టు మీటింగు పెట్టారు. పెద్దలంతా వచ్చారు. నాకు ఎనిమిదో నెల. కుర్చీలో ఎటు సర్దుకున్నా కుదరడం లేదు. నా రెండు వరసల కాగితం అందరికీ పంచాను.

సెక్రటరీగారు ఒకసారి చూసి పక్కన పెట్టారు. "షమీమ్ గారూ, అడిగింది ఒక్క అంకెండి. మీరు రెండేసి ఇచ్చారు. పోనీ సగటు తీసెయ్యండి, సరిపోతుంది."

"సగటు తియ్యకూడదండీ. మధ్యలోనే ఉందని మనకి ఎవరు చెప్పారు?"

"లోకమంతా సగటు మీదే నడుస్తోందండి."

"నడవనివ్వండి. నేను సంతకం పెట్టే కాగితం మీద నడవదు."

ఎవరో దగ్గారు. నాకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు ఎంత తగ్గిందంటే చివర్న కూర్చున్నవాళ్ళు ముందుకు వంగి వినాల్సొచ్చింది.

"నిధులిచ్చేవాళ్ళు ఊరుకోరండి," అన్నారు సెక్రటరీగారు. "పేరు రాయించుకుని కాన్పుకి రాకపోతే డ్రాపౌట్. వాళ్ళ నియమం అది. లంక నర్సు మనుషుల్ని నిలబెట్టుకోలేకపోయింది. కథలు చెబుతోంది, మీరు వింటున్నారు."

అప్పుడు లేచి నిలబడ్డాను. లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

"అయితే నా సంగతి చెప్పండి. ఉంగుటూరు వైపు మన సెంటర్‌లోనే నా పేరు రాయించుకున్నాను. ఆ నర్సే నాకు సూదిమందులు వేసింది, ఆవిడే మాత్రలిచ్చింది. మొన్న కాళ్ళు వాస్తే మా ఇంటికొచ్చి ఉప్పు మాన్పించింది. వచ్చే వారం నేను పుట్టింటికి పురిటికొస్తున్నాను, ఇక్కడికే, ఏలూరుకి. నేను బాగానే ఉంటాను, బిడ్డా బాగానే ఉంటుంది. మీ నియమం ప్రకారం ఆ నర్సు గడిలో మాత్రం సున్నా పడుతుంది. నేను డ్రాపౌట్‌నా అండీ?"

"మీ సంగతి వేరండి."

"ఎందుకు వేరండీ? నేను మీ ఎదురుగా ఉన్నాను కాబట్టా? లంక నుంచి వెళ్ళిన ప్రతి మనిషీ ఎక్కడో ఒకచోట ఇలాగే ఉంది. మీకు కనబడకపోతే లేదని రాసేస్తారా?"

సెక్రటరీగారు కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు. అయినా కూర్చోలేదు.

"ఇంకో మాటండీ. ఆ సెంటర్ ఎత్తేస్తే ఎనిమిదో నెలలో వాళ్ళని ఒడ్డెక్కమని చెప్పేవాళ్ళెవరు? మీ కాగితం మీద ర్యాంకులు బాగుపడతాయి. దోనెల్లో పోయేవాళ్ళు పోతారు. దానికి కింద నా సంతకం ఉండదు."

"పెట్టనంటారు."

"పెట్టనండీ. ఒక్క అంకె కావాలంటే ఇంకెవరితోనైనా వేయించుకుని పంపండి. నా పేరు తీసేయండి. ఉద్యోగం తీసేస్తానన్నా ఇదే మాట."

సెక్రటరీగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. తర్వాత మళ్ళీ పెట్టుకుని, నా కాగితం దగ్గరకి లాక్కుని, ఈసారి నిజంగా చదివారు.

"ఈ గూడెం పక్క సెంటర్ సంగతేంటి? దీనికి కూడా హద్దులేనా?"

"ఉన్నాయండీ. కానీ ఎటు తిప్పినా అది వెనకే. దాన్ని ఎత్తేయమని నేనే రాస్తాను, నేనే సంతకం పెడతాను."

అది ఆయన అనుకోలేదు. నేను అందరినీ కాపాడే మనిషిననుకున్నారు కాబోలు. "సరే, రెండు వరసలూ పంపిద్దాం. వాళ్ళు తిప్పి పంపితే సమాధానం మీరే చెప్పాలి," అన్నారు.

"చెప్తానండీ."

మర్నాడే తాడేపల్లిగూడెం పక్క సెంటర్ నర్సు ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడింది. "లంకవాళ్ళని గట్టెక్కించి మమ్మల్ని ముంచారు కదండీ," అంది. ఆవిడ బాధ నాకు అర్థమైంది, అయినా మాట మార్చలేదు. "మీ పని చెడ్డదని రాయలేదండీ. ఆ చోట పని లేదని రాశాను. మిమ్మల్ని వానాకాలం లంకకి రెండో నర్సుగా వెయ్యమని కూడా రాశాను." ఆవిడ నన్ను తిట్టుకుంటూనే వెళ్ళిపోయింది. తర్వాత మాత్రం లంకకి వెళ్ళింది, ఆ సంగతి నాకు సువార్తమ్మగారు చెప్పారు.

అనుకున్నట్టే కాగితం తిరిగొచ్చింది. నేను అప్పటికి పుట్టింట్లో ఉన్నాను. ఆడపిల్ల పుట్టి ఇంకా బయట గాలి తగలని రోజులు. ఆఫీసు నుంచి ప్యూను ఉత్తరం పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్కో సెంటర్‌కి ఒక్క అంకె మాత్రమే పంపండి అని అందులో ఉంది. అమ్మ వద్దంటున్నా పక్కమీదే కూర్చుని జవాబు రాశాను. మాకు ఒక్క అంకె తెలియదు, తెలిసినట్టు రాయడం మా వల్ల కాదు, తెలిసిన హద్దులు ఇవి, ఈ హద్దుల్లో మూసేయాల్సిన సెంటర్ ఒక్కటే ఉంది, రెండోది మీకు కావాలంటే చీటీలు వేసి తియ్యండి, అని. చివరి ముక్క తీసేయమని సెక్రటరీగారు కబురు చేశారు. తియ్యలేదు. ఆయన అలాగే పంపారు, పైగా కింద తన సంతకం కూడా చేసి పంపారట. ఆ మనిషి మీద నాకు గౌరవం పుట్టింది ఆ రోజే.

జవాబుకి జవాబు రాలేదు. తర్వాతి ఏడాది వాళ్ళు పంపిన ఫారంలో మాత్రం ప్రతి అంకెకీ పక్కపక్కన రెండు గళ్ళు ఉన్నాయి. తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ. కాన్పు దగ్గర, ఏ సెంటర్ నుంచి వచ్చారు అని ఇంకో గడి కూడా. లంక సెంటర్ ఆ వానాకాలం నడిచింది, ఆ తర్వాతా నడిచింది.

నేను బాలింతగా ఉండగానే సువార్తమ్మగారు ఒకసారి ఏలూరు వచ్చారు. మూత బిగించిన క్యానులో బతికున్న కొరమేను తెచ్చారు. "బాలింతకి బలమండీ, పులుసు పెట్టించుకోండి," అని అమ్మకిచ్చి, బిడ్డని ఒళ్ళో వేసుకుని, బొడ్డు చూసి, కళ్ళు చూసి, కాళ్ళు లాగి చూశారు. అన్నీ అయ్యాక నా వైపు తిరిగారు.

"ఇంతకీ ఈ పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుందండీ? ఉంగుటూరా, ఏలూరా?"

"మీరు కూడా బీపీ చూశారు కదండీ. మీ లెక్కలో కూడా కొంత వస్తుంది."

"ఎంత?"

"తక్కువలో తక్కువ ఒక దోనె ప్రయాణమంత," అన్నాను. ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ ట్రస్టులో పని మానేశాక బళ్ళకీ, బ్యాంకులకీ, పాల సంఘాలకీ ఇలాంటి లెక్కలు చాలా వేశాను. ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చమని అడగనివాళ్ళు లేరు. అంకె తెలియనప్పుడు తెలియదని రాయడం చేతకానితనం కాదు, దాని కోసం నిలబడి దెబ్బలాడాల్సి వస్తుందని నాకు నేర్పింది లంక కేసు. అందుకే ఎవరైనా ఒక్క అంకె కోసం నా దగ్గరికొస్తే, కంప్యూటరు తెరవక ముందే ఒక మాట అడుగుతాను.

"మీ దగ్గర్నుంచి క్షేమంగా ఒడ్డెక్కినవాళ్ళని ఏ గడిలో రాశారండీ?"